పక్కన నిలబడినందుకు

ఖరగ్‌పూర్‌లో ఇన్‌స్పెక్షన్ అంటే ముందు సున్నం, తర్వాతే మనుషులు. పెద్ద ఆఫీసరు వస్తున్నాడని తెలిస్తే చాలు, ఆ వారమంతా రైల్వే కాలనీలో చెట్ల మొదళ్లకు సున్నం పడుతుంది, ఇటుకల వరసకు జాజు పడుతుంది, పదేళ్లుగా కారుతున్న కుళాయి ఒక్క పూటలో బాగుపడుతుంది. ఆయన వచ్చి, చూసి, తలూపి వెళ్లిపోతాడు. కుళాయి మళ్లీ కారుతుంది. అక్కడే పుట్టి పెరిగిన సూసన్నకు తెలిసిన ఇన్‌స్పెక్షన్ అదొక్కటే. అందుకే సిరిల్‌ని చూసి రాసుకుపోవడానికి మనిషి వస్తోందని చెప్పగానే, నెల రోజుల ముందునుంచే ఆమె అతన్ని తయారు చెయ్యడం మొదలుపెట్టింది.

సిరిల్‌కి ముప్పై ఒక్క ఏళ్లు. ఆరడుగుల మనిషి. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. మాటలు నాలుగైదు వచ్చు, అవి కూడా అతనికి ఇష్టమైనప్పుడే. తండ్రి సుందర్ రాజు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. రోజూ తొమ్మిదింటికి స్కూటరు మీద తెచ్చి సుభాష్‌పల్లిలో ట్రస్టు వాళ్లు అద్దెకు తీసుకున్న ఇంట్లో దింపి, నాలుగింటికి తీసుకుపోతాడు. అలాంటివాళ్లు అక్కడికి పద్నాలుగు మంది వస్తారు. పూర్తి సాయం కావలసినవాళ్లకు మనిషికొక ఆయా, అక్కడి పిలుపులో దీదీ. సిరిల్ దీదీ సూసన్న. పదకొండేళ్లుగా.

చొక్కా గుండీలు ఆమె కింద నుంచి నేర్పింది. పై నాలుగూ తనే పెట్టి అట్టడుగుది ఒక్కటి అతనికి వదిలేది. అది పెడితే పని పూర్తయినట్టే కనక, పూర్తి చేసిన సంతోషం అతనికి దక్కేది. అది వచ్చాక కింది రెండూ, ఆ తర్వాత మూడూ. ఐదు గుండీలకు రెండేళ్లు పట్టింది. ఈ పద్ధతికి పుస్తకాల్లో పేరుందనీ, అది తెలిసినవాళ్లకు వేరే జీతం ఉంటుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

మంగళవారం ఆ మనిషి వచ్చింది. పేరు విష్ణుప్రియ. క్యాంపస్‌లో రీసెర్చి చేస్తోందట, ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని ఉంటోందట. ట్రస్టుకు డబ్బిచ్చే కలకత్తా దాత తరఫున ఇలాంటి ఫారాలు నింపిపెడుతుంది. సైకిలు గోడకు ఆనించి లోపలికొచ్చి, సూసన్న మెడలో సిలువ గొలుసూ, సిరిల్‌తో ఆమె మాటా గమనించి మొహం విప్పార్చుకుంది.

"మీరు తెలుగా ఆంటీ? మాది హన్మకొండ. ఇక్కడికొచ్చి రెండేండ్లయింది, బయట తెలుగు వినుడే తక్కువ."

"ఇక్కడే పుట్టినామమ్మా. మా తాతది భీమిలి. రైల్లో పనికొచ్చినాడు."

మనమ్మాయే, బాగా రాస్తుంది అనుకుంది సూసన్న. ఆ నమ్మకంలో తప్పేం లేదు. విష్ణుప్రియ నిజంగానే చాలా బాగా రాసింది.

సిరిల్ నీలం చొక్కా తొడుక్కున్నాడు. సూసన్న కిటికీ దగ్గర, అతనికి చెయ్యి చాపితే అందేటంత దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మూడో గుండీ దగ్గర అతను ఆగాడు. ఆమె కుడికాలి మీద నుంచి ఎడమకాలి మీదకు బరువు మార్చింది, అంతే. అతను మళ్లీ మొదలుపెట్టాడు. ఐదో గుండీ పెట్టాక గొంతులో సన్నగా రాగం తీశాడు. గ్లాసులోకి నీళ్లు వంచాడు. కంచం కడిగి బోర్లించాడు.

"మంచిగ చేస్తున్నడు. ఎవరు నేర్పిన్రు?"

"నేనేనమ్మా," అంది సూసన్న. ఆ మాట ఆమె ఎప్పుడూ అంత గట్టిగా అనలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. సూసన్న అడిగింది కూడా. ఎనిమిది వేల జీతం చాలడం లేదని మూడేళ్లుగా అడుగుతోంది. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: దాత మనుషులొచ్చి చూసి రాయనీ, అప్పుడు చూద్దాం. ఇప్పుడు చూశారు, రాశారు. ఆ సాయంత్రం ఆమె తనుండే ఇందా పేట బజారులో బస్సు దిగి, నెల చివరైనా సరే, అరకిలో చేప కొనుక్కుంది.

గురువారం మధ్యాహ్నం ట్రస్టు సెక్రటరీ కోటేశ్వరరావు ఆఫీసు గదిలోకి పిలిచాడు. రైల్వే అకౌంట్సులో చేసి రిటైరైన మనిషి. ట్రస్టు పని జీతం లేకుండా చేస్తాడు. ఊరికే చేసేవాళ్లకు జీతం అడిగేవాళ్లంటే ఎక్కడో ఒక మూల చిన్నచూపు ఉంటుంది, ఆయనకూ ఉంది. కాని చెడ్డవాడు కాడు.

"కూకోండి సూసన్నమ్మా. మంచి మాటే. సిరిల్ బాగా ఎదిగినాడని రాసినారు. పూర్తి సాయం నుంచి సగం సాయానికి మారినాడు."

"మంచిదే కద బాబూ."

"మంచిదే. అయితే సగం సాయం అంటే దాత లెక్కలో దీదీ ఒక్క పూటే. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. ఒకటో తారీఖు నుంచి. జీతం కూడా దాని ప్రకారమే."

సూసన్న కూర్చోలేదు. ఎనిమిది వేలలో సగం ఎంతో ఒకరు చెప్పక్కర్లేదు. ఇందాలో ఆమె ఉండే ఒంటిగది అద్దె మూడు వేలు.

"నేర్పినందుకా బాబూ?"

"ఏటి?"

"నేర్పినందుకా సగం సేసినారు?"

కోటేశ్వరరావు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా ఆ ప్రశ్న పోలేదు. "నా సేతిలో లేదమ్మా. దాత ఇవ్వని డబ్బుకి నేను సంతకం పెడితే రేపు కమిటీకి నేను జవాబు సెప్పుకోవాల," అన్నాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "వారం లోపు మళ్లీ సూపించుకోవచ్చని రూలుంది. రేపు ఆ అమ్మాయిని రమ్మన్నాను. రేపు ఆడు సరిగ్గా సెయ్యలేదనుకోండి... నేను సెప్పకూడదు గాని."

ఆయన చెప్పకూడనిది చెప్పేశాడు. సూసన్న అర్థం చేసుకోకూడనిది అర్థం చేసుకుంది.

సిరిల్ చేత తప్పు చేయించడం ఎంత తేలికో ఆమెకు తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు. అరవక్కర్లేదు, చెయ్యి పట్టుకుని ఆపక్కర్లేదు. మొదటి గుండీ రెండో కన్నంలో పెట్టి వదిలేస్తే చాలు. మొదలు తప్పితే అతని చేతులు గాలిలో ఆగిపోతాయి. ఎవరో విప్పి మళ్లీ మొదలుపెట్టించేదాకా ఇక ఏ పనీ సాగదు.

సాయంత్రం గదికి వచ్చి స్టవ్ ముట్టించింది. సందంతా బెంగాలీలే. మంచివాళ్లే. నవ్వుతారు, పలకరిస్తారు, తలుపులు వేసుకుంటారు. రోజు మొత్తంలో ఆమె నోరారా తెలుగు మాట్లాడేది సిరిల్‌తోనే. అతను తిరిగి మాట్లాడడు కనక ఆ తెలుగంతా ఆమెదే. "ఏటి సేద్దాం మరి?" అని పైకే అంది. అన్నం ఉడుకుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గాని, ఆ నూతిలోకి తొంగిచూసేటప్పుడు పక్కన ఇంకో మనిషైనా ఉండాలి. ఆమెకు అదీ లేదు.

శుక్రవారం పొద్దున మంచు బాగా కురిసింది. సిరిల్ స్వెట్టరు విప్పించి సూసన్న అదే నీలం చొక్కా తొడిగింది. విష్ణుప్రియ ఇంకా రాలేదు, తప్పు పెడితే విప్పి సరిగ్గా పెట్టుకోవడం వస్తుందో లేదో చూద్దాం అని తనకు తానే చెప్పుకుంది. ఆమె వేళ్లు మొదటి గుండీని రెండో కన్నంలో పెట్టాయి.

సిరిల్ గుండీ వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తనే ఏదో తప్పు చేసి ఉంటాననుకున్న మనిషి చూపు అది. చేతులు పైకి లేచి అలాగే ఆగాయి.

సూసన్నకు ఒళ్లంతా సిగ్గేసింది. గబగబా గుండీ విప్పి, చొక్కా తీసేసి, అతని ఒళ్లో పెట్టింది. "నీది కాదురా, నాది తప్పు," అంది.

విష్ణుప్రియ వచ్చి ఫారం తీసి కూర్చోగానే చెప్పేసింది. "నేను బయట కూకుంటానమ్మా. నేను లేకుండా సూడు."

"మీరుండొచ్చు ఆంటీ, రూల్‌లో ఉంది."

"తెలుసమ్మా. అయినా నేను లేకుండా సూడు."

వరండాలో స్టూలు వేసుకుని కూర్చుంది. లోపల అతను చెయ్యాలని ప్రార్థన చేసింది. ఆ వెంటనే, అతను చెయ్యకూడదని ఇంకో ప్రార్థన చేసింది. ఒకే నోటి నుంచి రెండు రకాలుగా వస్తే ప్రభువైనా దేన్ని పట్టించుకుంటాడు? కొంగు కొసన ఊడిన దారం లాగుతూ కూర్చుంది.

లోపలి చప్పుళ్లన్నీ ఆమెకు తెలిసినవే. కుర్చీ కిర్రుమంటే వంగాడని అర్థం. బట్ట దులిపిన చప్పుడైతే చెయ్యి దూర్చాడని. చివరి గుండీ పడితే రాగం. ఇప్పుడు ఏదీ లేదు. ఐదు నిమిషాలైంది. పది అయింది. ఫోనులో టైము చూసుకుంది, మళ్లీ చూసుకుంది. పన్నెండో నిమిషంలో మడమతో కుర్చీకాలిని కొట్టడం వినిపించింది. నెమ్మదిగా, ఒకే తీరుగా. అది మొదలైతే తర్వాత వచ్చేది తల గోడకు కొట్టుకోవడం.

సూసన్న లేచి లోపలికి వెళ్లింది.

అతను బనియనుతో కూర్చున్నాడు. చొక్కా ఒళ్లోనే ఉంది. చేతుల మీద రోమాలు చలికి నిక్కపొడుచుకున్నాయి. ఎదురుగా విష్ణుప్రియ పెన్సిలు గట్టిగా పట్టుకుని, ఏడవబోయే మొహంతో ఉంది. ఆమె సాయం చెయ్యకూడదు, అది రూలు. సూసన్న ఎవరితోనూ మాట్లాడలేదు. వెళ్లి కిటికీ దగ్గర తన చోట నిలబడింది.

మడమ ఆగింది. సిరిల్ ఆమె పాదాల వైపు చూశాడు. చొక్కా ఎత్తాడు. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి. మొదటి గుండీ. రెండోది. ఐదూ అయ్యాక రాగం తీశాడు.

విష్ణుప్రియ పెన్సిలు మొనతో ఫారంలో గడి గడినీ వెతికింది. "ఇప్పుడు మీరేం చేసిన్రు ఆంటీ?"

"ఏటీ సెయ్యలేదమ్మా. నిలబడినాను."

"అదే కదా. చేసినోళ్లకు ఇందులో మూడే గళ్లున్నయి. చేత్తో సాయం, మాటతో సాయం, సొంతంగా. మీరు ముట్టుకోలె, మాట చెప్పలె. రూల్ ప్రకారం ఇది సొంతంగానే." తలెత్తింది. "పదిహేను నిమిషాల వరకే టైము. ఇంకో మూడు నిమిషాలు మీరు బయటనే ఉంటే 'చేయలేడు' అని రాసేదాన్ని. ముందే చెప్పాల్సింది నేను."

"ముందే సెప్పినా ఒచ్చేద్దును. ఆడికి సలేస్తంది." సూసన్న అతనికి స్వెట్టరు అందించింది. అతను తలదూర్చుకుంటుంటే చూస్తూ, ఆ అమ్మాయి వైపు తిరక్కుండానే అంది. "మా అయ్య గేటుమేనమ్మా. గోకుల్‌పూర్ అవతల గేటు. బండొచ్చే ముందు గేటేసి జెండా పట్టుకుని నిలబడీవోడు. బండిని ఏనాడూ తొయ్యలేదు. బండి దానంతటదే ఎళ్లిపోనాది కదా, నీకు జీతమెందుకని రైల్లో ఎవులూ అడగలేదు. ఆ మనిసి అక్కడ లేకపోతే ఏటవుద్దో ఆళ్లకి తెలుసు."

విష్ణుప్రియ ఫారం తిరగేసి, వెనకవైపు తెల్లగా ఉన్న చోట పెన్సిలు పెట్టింది. "మళ్లీ చెప్పుండ్రి. నిదానంగా."

సూసన్న మళ్లీ చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు అంత బాగా రాలేదు. అయినా ఆ పిల్ల రాసుకుంది.

"సదూతారా దీన్ని?"

"తెల్వదాంటీ. వెనకవైపు రాసినయి ఎవరూ చదవరు, ఎక్కువగా." అబద్ధం చెప్పలేక చెప్పింది ఆ మాట.

దాత వాళ్లు చదవలేదు. శనివారం కోటేశ్వరరావు వరండాలోకి తనే వచ్చి చెప్పాడు. "గడిలో లేనిది లెక్కలోకి రాదంట, కుదరదన్నారు. సోమవారం ఒకటో తారీఖు. అప్పట్నుంచి ఒంటిగంట దాకా." సూసన్న తలూపింది. ఆమె ఏడుస్తుందేమో, తగాదా పెడుతుందేమో అనుకుని వచ్చిన మనిషికి ఆ తలూపడం ధైర్యమిచ్చింది. ఓదార్పుగా అన్నాడు. "అయినా ఒంటిగంటకే ఎళ్లిపోవాలని ఎవరన్నారు? మీరు లేకపోతే ఆడు మెతుకు ముట్టడు. ఎప్పట్లాగే నాలుగింటి దాకా ఉండండి. సేవ కదమ్మా ఇది. ఇంటికెళ్లి మాత్రం ఏటి సేస్తారు, ఎవరున్నారు గనక?"

ఆయన దాన్ని మంచిమాటగానే అన్నాడు. అబద్ధమైతే సూసన్న నవ్వేసి ఊరుకునేది. నిజం కనక గుచ్చుకుంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆదివారం చర్చి అయిపోయాక సోమవారం కోసం ఎదురుచూసే మనిషి తను. ఆ సంగతి ఆయనకు తెలుసు, కమిటీకి తెలుసు, పదకొండేళ్లుగా అందరికీ తెలుసు. జ్వరం వచ్చినా వస్తుంది, పండగపూటా వస్తుంది, పోయే చోటు లేదు కదా. తన ఒంటరితనాన్ని కూడా వీళ్లు జీతంలో భాగంగానే లెక్క కట్టుకున్నారని ఆమెకు ఆ నిమిషాన తెలిసింది. ఇంతకాలం ఎవరిమీదా రానంత కోపం వచ్చింది. లోపలికెళ్లి సిరిల్ గ్లాసు కడిగి పెట్టింది.

సోమవారం ఒంటిగంటకు కంచం పెట్టింది. అన్నం ఎడమవైపు, పప్పు గిన్నె కుడివైపు, గ్లాసు పైన. అతను ఎప్పట్లాగే కిటికీ వైపు చూశాడు. ఆమె అక్కడ నిలబడలేదు. వెళ్లి అతని పక్కన వంగింది.

"సిరిలూ, నేనెళ్తన్నాను. రేపొస్తాను. నువ్వు తినీ."

"దీదీ," అన్నాడు. అతనికొచ్చిన నాలుగైదు మాటల్లో అదొకటి.

సూసన్న చెప్పులేసుకుని వచ్చేసింది. గేటు దాటేవరకూ వెనక్కి చూడలేదు. చూస్తే ఏమవుతుందో తెలుసు.

"ఆజ్ ఎతో తాడాతాడి, దీదీ?" అంది ఇంటిగలామె, ఇంత తొందరగా వచ్చేశావేమని. సూసన్న నవ్వి తాళం తీసింది. మామూలు రోజున ఆ వేళకు తన గది ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎండ నేల సగం దాకా వచ్చి ఉంది. ఎదురింట్లో ఎవరో కుక్కరు దించారు. పొద్దున వండిన అన్నం గిన్నెలో ఉంది. మూత తీసి, మళ్లీ పెట్టేసింది. మంచం అంచున కూర్చుని, ఈపాటికి తిని ఉంటాడు అనుకుంది. తినాలి, పాపం. తినకూడదు, అని ఇంకో పక్క నుంచి అనిపించింది. నేను లేకుండా తినేస్తే మరి నేనెందుకు? ఆ ఆలోచన తనకే నచ్చలేదు. కాని వచ్చింది, పోలేదు.

ఫోను మోగింది. కోటేశ్వరరావు.

"సూసన్నమ్మా, ఆడు ముట్టలేదు. కాళ్లు కొట్టుకుంటన్నాడు. ఇంకో దీదీని నిలబెట్టినాను. నేనూ ఎళ్లి ఆ కిటికీ దగ్గిర నిలబడినాను. మమ్మల్ని సూడ్డం లేదు. తల కొట్టుకుంటాడేమోనని బయమేస్తంది. ఒక్కసారి ఒచ్చి ఎళ్లండి."

ఆయన మాట పూర్తయ్యేలోపే ఆమె ఒక చెప్పులో కాలు పెట్టేసింది. తాళం చేతిలోకి వచ్చింది. గడప మీద ఆగింది.

"ఒస్తాను బాబూ. డ్యూటీ పుస్తకం మీ బల్ల మీదే ఉంది కదా."

"ఉంది. ఎందుకు?"

"మద్దినం డ్యూటీ అని నా పేరు రాయండి. పిలిసిన టైమెయ్యండి. కింద మీ సంతకం పెట్టండి."

"అది తరవాత సూద్దామమ్మా, ముందు మీరు—"

"రాసినాక బయల్దేరుతాను."

ఫోనులోంచి, దూరంగా, మడమ చప్పుడు వినబడుతోంది. ఒక్కో దెబ్బకూ ఆమె కాలు ముందుకు పడబోయి ఆగింది. పదకొండేళ్లలో ఆ చప్పుడు విని కదలకుండా ఉన్నది లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఏసయ్యా, తొందరగా రాయించు అనుకుంది. కదల్లేదు.

పెన్ను కోసం సొరుగు లాగిన చప్పుడు. కాగితాలు తిరగేసిన చప్పుడు. కమిటీకి ఏమని చెప్పాలో ఆలోచించుకుంటున్న మనిషి ఊపిరి.

"ఒకటీ యాభై రెండు," అన్నాడు కోటేశ్వరరావు. "రాసినాను. సంతకం పెట్టినాను. రండమ్మా."

సూసన్న తాళం వేసింది. యాభై నాలుగేళ్ల మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని సందులో పరుగెత్తింది.